ఈగ నరానికి కొమ్మలు

ప్రశ్న: చిత్తూరులో మాది మామిడి మండీ. మా పాప తిరుపతిలో జువాలజీ చదవతా ఈగల నరాలు చూస్తుందంట. ఏముంటుంది సార్ వాటిల్లో?

జవాబు: తోతాపురిలో పురుగు పెట్టే ఈగ వేరండీ. పాప చూసేది బహుశా డ్రోసోఫిలా, కుళ్లిన కాయల మీద ముసిరే చిన్నది. దాని పిల్లపురుగు చర్మం కింద కొమ్మల నరకణాలు నాలుగు రకాలు. ‘కట్’ జన్యువు చేసే ప్రోటీన్ మొదటి రకంలో ఉండదు, కొమ్మలూ తక్కువే. అక్కడ బలవంతాన పుట్టిస్తే కొమ్మలు పెరుగుతాయి. నాకు ముచ్చటైంది మాత్రం ‘డీస్కామ్1’. ఈ ఒక్క జన్యువే 38,016 రకాల ప్రోటీన్లు చేయగలదు! వాటిలో కొన్ని ఒక్కో కణానికి వస్తాయి, ఆ కణం కొమ్మలన్నిటికీ అవే గుర్తులు. రెండు కొమ్మలు తగిలితే తమవాళ్లేనని తెలిసి పక్కకు తప్పుకుంటాయి. ఆ జన్యువు తీసేస్తే ఒకదానిమీద ఒకటి పడి చిక్కుపడతాయి. మైక్రోస్కోప్ బొమ్మ ఒకటి చూపించమని పాపనడగండి.