మణికట్టు పట్టుకుంటే విడిపించుకోవడానికి కరాటే మానాలా?

తమ్ముడూ, హనుమకొండలో కరాటే నేర్చుకుంటున్నావు, బరువైనవాడు మణికట్టు పట్టుకుంటే విడిపించుకోలేకపోతున్నావు, ఎదుటివాడి బలాన్నే మళ్లించే జపాన్ యుద్ధవిద్య ఐకిడోకు మారాలా అని అడిగావు. అక్కర్లేదు. నువ్వు చేయి వెనక్కి గుంజుతున్నట్టున్నావు. బలానికి బలం ఎదురైతే గెలుపు బరువున్నవాడిదే. అతని పట్టులో బలహీనమైన చోటు బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య ఉన్న సందు. వెనక్కి పోకుండా ఒక అడుగు ముందుకు వెయ్యి. మోచేతిని అతని వైపు తీసుకెళ్తూ, మణికట్టు సన్నటి అంచును ఆ సందులోకి తిప్పు. రాకపోతే రెండో చేత్తో ముఖం మీదికి గుద్దు విసిరినట్టు చూపించు, పట్టు సడలుతుంది. మెత్తని పద్ధతికీ కాస్త కఠినం తోడుండాలి మరి!

జపాన్‌లోని ఒకినావా దీవిలో చోజున్ మియాగి రూపొందించిన గోజు-ర్యు అనే కరాటే శైలిలో ఈ మెత్తదనం, కఠినం రెండూ కలిసే ఉంటాయి. ముంజేతులు ఆనించి ఎదుటివాడి తోపును పసిగట్టే ‘కాకియే’ సాధన అందులోదే. మీ మాస్టారిని అడిగి చూడు. కుదరకపోతే వారానికొక రోజు జూడోకు వెళ్లు. 1882లో జిగోరో కానో మొదలుపెట్టిన ఆ విద్యలో మొదట నేర్పేది పడటం: గడ్డం ఛాతీకి ఆనించి, చేత్తో చాపను చరుస్తూ. ఇంట్లో గచ్చు మీద మాత్రం ప్రయత్నించకు.