కార్పొరేటర్‌గా నిలబడతానంటున్న మా మేనకోడలికి

తల్లీ,

నువ్వు ఈసారి కార్పొరేటర్‌గా నిలబడుతున్నావని మీ పిన్ని ఆదివారం చర్చిలో పూజ అయ్యాక చెప్పింది. అప్పట్నుంచీ నాకు సంతోషం ఒక పక్క, టెన్షన్ ఒక పక్క. ఫోన్ చేస్తే నీకు ఎప్పుడూ మీటింగే. దొరికినా నేను రెండు మాటలు అనేలోపు "సరే అత్తా, సరే అత్తా" అంటూ పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఆటోలో కాదు, ఇంట్లో కూర్చుని చదువు.

నిలబడు. ముందు ఆ మాట చెప్పాలి. "మనకెందుకమ్మా ఆ మురికి, పూజకు వెళ్ళామా వచ్చామా" అనేవాళ్ళు మన విచారణలోనే, అంటే మన చర్చి పరిధిలోనే, బోలెడుమంది ఉన్నారు. మన కతోలిక శ్రీసభ ఎప్పుడూ అలా అనలేదు. పదవీ వ్యామోహం, అవినీతి ఉన్నాయన్న సాకుతో విశ్వాసులు ప్రజా జీవితం నుంచి తప్పుకోకూడదని 1988లోనే రెండవ జాన్ పాల్ పోపుగారు స్పష్టంగా రాశారు. ప్రేమకు ఉన్న గొప్ప రూపాల్లో రాజకీయం ఒకటని ఫ్రాన్సిస్ పోపుగారు చెప్పారు. ఫాదర్‌గార్లు పదవుల్లోకి వెళ్ళకూడదు, పార్టీల్లో తిరగకూడదు, చర్చి చట్టమే ఒప్పుకోదు. మరి ఆ పని ఎవరిది? మనలాంటి సంసారులదే. బస్తీలో నీళ్ళు రాకపోతే జలమండలి ఆఫీసు ముందు ఖాళీ బిందెలతో కూర్చున్నదానివి, నీకు నేను కొత్తగా చెప్పేదేముంది.

మామూలు సంగతులు నీకు తెలుసు. ఓటరు జాబితాలో పేరు చూసుకో. అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు ఉన్నవి ఉన్నట్టు రాయి. ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా తీసి ప్రతి బిల్లూ దాచు. అల్లుడితో మనసు విప్పి మాట్లాడు, ఆయన మొహమాటానికి ఒప్పుకున్నాడో నిజంగా ఒప్పుకున్నాడో కనుక్కో. పిల్లాడి పరీక్షలు ఎప్పుడో చూసుకో.

ఇక నాకు రెండు రాత్రులుగా నిద్ర పట్టనివ్వని సంగతి. మీ డివిజన్ ఎస్సీ మహిళకు రిజర్వ్ కావచ్చంటున్నారట. క్రైస్తవులమైన మనకు ఎస్సీ హోదా లేదు. "మీ నాన్న స్కూల్ రికార్డు ఉంది కదా, మీ-సేవలో హిందూ అని సర్టిఫికెట్ తీసుకుంటే సరిపోతుంది, ఎవరడుగుతారు" అని ఆ పార్టీ ఆయన నీతో అన్నాడట. నువ్వు వెంటనే కాదనలేదనీ, ఆలోచిస్తానన్నావనీ విన్నాను. తల్లీ, ఆలోచించడానికి ఏముంది అందులో?

మీ నాన్న కథ నీకు సగమే తెలుసు. ఆయన ఉన్నన్నాళ్ళూ నీకు చెప్పొద్దన్నాడు. ఇప్పుడు చెప్పక తప్పదు.

2002లో ఎంసీహెచ్, అంటే అప్పటి హైదరాబాద్ నగరపాలక సంస్థ ఎన్నికలు వచ్చినప్పుడు నువ్వు మూడో తరగతో ఏమో. బస్తీలో మీ నాన్న మాటంటే మాటే. అర్ధరాత్రి ఎవరికి నొప్పులొచ్చినా తలుపు కొట్టేది మన ఇంటికే. డివిజన్ ఎస్సీకి రిజర్వ్ అయింది. మీ తాత స్కాలర్‌షిప్ కోసం మీ నాన్నను బడిలో వేసినప్పుడు హిందూ అని రాయించాడు, ఇంట్లో పిలిచే క్రైస్తవ పునీతుడి పేరు పక్కనపెట్టి ఇంకో పేరు చెప్పాడు. ఆ కాగితం మీద కుల సర్టిఫికెట్ తెచ్చి నామినేషన్ వేశాడు మీ నాన్న. అందరూ చేసేదే అన్నారు. నిజమే, చాలామంది చేసేదే.

రెండో రోజుకే అవతలి అభ్యర్థి మనుషులు చర్చిలోని విచారణ ఆఫీసుకెళ్ళి మీ నాన్న జ్ఞానస్నానం, అదే బాప్తిస్మం, రికార్డు కాపీ అడిగారు. ఫాదర్‌గారు ఇవ్వలేదు. మీ నాన్నకు కబురు పెట్టారు. వాడు ఒంటరిగా వెళ్ళలేక నన్ను వెంట తీసుకెళ్ళాడు.

ఆ రిజిస్టర్ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. రెండు చేతులా ఎత్తాల్సినంత పుస్తకం, అట్ట మూలలకు గుడ్డ అంటించి ఉంది. ఫాదర్‌గారు పేజీ తీసి మా వైపు తిప్పారు. ఒక వరసలో వాడి పేరు, పక్కన మా అమ్మానాన్నల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, ఇచ్చిన గురువుల సంతకం. అంచున వేరే సిరాతో వాడి పెళ్ళి ఎక్కడ, ఏ తారీఖున జరిగిందో రాసి ఉంది. మన వాళ్ళు పెళ్ళయితే జ్ఞానస్నానం పక్కనే రాస్తారు కదా. మనిషి జీవితమంతా ఒక్క గీత మీద ఉంది.

మీ నాన్న ఆ పేజీ చూడకుండా కిటికీ వైపు చూస్తూ, "పాత పుస్తకాలు చెదలు తిన్నాయని చెప్పండి ఫాదర్" అన్నాడు.

ఫాదర్‌గారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది నీ సొంత సంగతి, దారిన పోయేవాళ్ళకు నేనివ్వను. కానీ కోర్టు అడిగితే లేదని చెప్పను. నీ జ్ఞానస్నానాన్ని చెదలు తిన్నాయని నా చేత చెప్పిస్తావా?" అన్నారు. కోపంగా కూడా అనలేదు.

ఉపసంహరణ చివరి రోజున మీ నాన్న నామినేషన్ వెనక్కి తీసుకున్నాడు. ఎందుకో ఎవరికీ చెప్పుకోలేడు. చెప్తే ఇంకో నిజం బయటపడుతుంది. డబ్బులకు అమ్ముడుపోయాడని బస్తీ అంతా అనుకున్నారు. ఏ ఇంటికి అర్ధరాత్రి పరుగెత్తాడో ఆ ఇంటివాళ్ళే మొహం మీద అన్నారు. వాడు పూజకు వచ్చేవాడు కానీ లోపలికి రాకుండా చెప్పుల దగ్గరే నిలబడేవాడు. పూజలో ఫాదర్‌గారు ఇచ్చే సత్ప్రసాదం తీసుకునేవాడు కాదు. నీ మొదటి సత్ప్రసాదం రోజున తెల్ల చొక్కా వేసుకుని నీ వెనకే వరసలో నిలబడ్డాడు, గుర్తుందా? అంతకుముందు రోజే ఫాదర్‌గారి దగ్గర తన పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకున్నాడని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నేను ఎందుకు ఏడుస్తున్నానని నువ్వు అడిగితే, కంట్లో పొగ పడిందన్నాను.

కాగితం మీద అలా రాయించుకున్న మన వాళ్ళను నేను తప్పు పట్టను, అది కూడా విను. బడిలో అడ్మిషన్ రిజిస్టర్లు రాసిన చేతులివి. మతం అనే గడి దగ్గరికి రాగానే ఎంతమంది తల్లులు నా మొహం వైపు చూసి తల దించుకున్నారో నాకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అలా ఉంది. ఎస్సీ హోదా మొదట హిందువులకే అన్నారు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. జ్ఞానస్నానం పోసుకున్నంత మాత్రాన గూడెం మారిందా, చూసే చూపు మారిందా? ఆ హోదాకు మతంతో ముడి తెంచమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. అదే ఏడాది మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి మొట్టమొదటి కార్డినల్. 2025లో కొత్త పోపును ఎన్నుకోవడానికి రోములో ఓటు వేసి వచ్చారు. అంతటి మనిషి పుట్టిన జనానికి ఇక్కడ మాత్రం ఆ గడిలో చోటు లేదు. ఇది అన్యాయం. పదవిలో ఉన్నా లేకపోయినా దీని మీద గొంతెత్తు, నేనూ వచ్చి నీ పక్కన కూర్చుంటాను.

కానీ అన్యాయమైన చట్టాన్ని మార్చమని అడగడం వేరు, నేను క్రైస్తవురాలిని కానని సంతకం పెట్టడం వేరు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఏమందో లాయర్ స్నేహితురాలిని అడుగు. చర్చికి వెళ్తూ, జ్ఞానస్నానం రికార్డు కూడా ఉండి, ఉద్యోగం కోసం హిందూ ఎస్సీ సర్టిఫికెట్ అడగడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. నువ్వు గెలిచినా కేసు వేస్తారు. కేసు వేయకపోయినా ఐదేళ్ళూ నీ జుట్టు ఎవడి చేతిలోనో ఉంటుంది. ఆ పార్టీ ఆయన "ఎవరడుగుతారు" అన్నాడే, రేపు నువ్వు ఆయన మాట కాదన్న రోజున మొట్టమొదట అడిగేది ఆయనే.

ఎస్సీల్లోంచి క్రైస్తవులైనవాళ్ళకిచ్చే మన బీసీ-సీ సర్టిఫికెట్ ఉంది, దాచుకోవాల్సిన పని లేనిది. జనరల్ సీటుకైతే ఏ కుల సర్టిఫికెట్టూ అక్కర్లేదు. మీ డివిజన్ నిజంగా ఎస్సీకే వస్తే ఈసారికి ఆగు, లేకపోతే పక్క డివిజన్ చూడు. ఆగితే ఓడినట్టు కాదు.

సర్ థామస్ మోర్ కథ నీకు చిన్నప్పుడు చర్చిలో సత్యోపదేశం క్లాసులో చెప్పాను. ఇంగ్లండు రాజు దగ్గర అంత పెద్ద పదవి చేసినవాడు, రాజే అక్కడి శ్రీసభకు అధిపతి అని ఒప్పుకుంటూ ఒక్క ప్రమాణం చేస్తే బతికేవాడు. కన్నకూతురు మార్గరెట్ జైలుకొచ్చి చేయమని బతిమాలింది. చేయలేదు, 1535లో తల తీశారు. రాజకీయ నాయకులకు పాలక పునీతుడిగా 2000లో ప్రకటించింది ఆయన్నే. నిన్ను ఎవరూ తల అడగడం లేదు. ఒక గడిలో అబద్ధం రాయమంటున్నారు, అంతే.

రెండో భయం చిన్నది. గుడిని, అంటే మన చర్చిని, నీ ఎన్నికలోకి లాగకు. పూజ అయ్యాక మైకులో "మన అమ్మాయికి ఓటేయండి" అని చర్చిలో బోధించే ఉపదేశిగారి చేత చెప్పించాలని మీ పిన్నికి ఒకటే సరదా. ససేమిరా వద్దను. 1988 చట్టం ప్రకారం గుళ్ళూ, మసీదులూ, చర్చిలూ రాజకీయ ప్రచారానికి వాడటం జైలుకెళ్ళే నేరం. అభ్యర్థిదే కాదు, ఓటరు మతం పేరు చెప్పి ఓటు అడగడమూ తప్పేనని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. చట్టం లేకపోయినా నేను ఇదే మాట చెప్పేదాన్ని. అదే గుడిలో నీకు ఓటేయనివాళ్ళు కూడా మోకరిస్తారు, వాళ్ళకది ఇరుకు కాకూడదు. 1949లో రాజ్యాంగ సభలో క్రైస్తవ సభ్యులు మాకు ప్రత్యేక సీట్లు వద్దని వదులుకున్నారు, అందరిలో కలిసి అందరి ఓటుతో నిలబడతామన్నారు. వాళ్ళలో హరేంద్ర కుమార్ ముఖర్జీగారి గురించి వీలైతే చదువు.

బోనాలకు పిలుస్తారు, ఇఫ్తార్‌కు పిలుస్తారు, గణపతి మండపానికి పిలుస్తారు. అన్నిటికీ వెళ్ళు, చివరిదాకా ఉండు, వడ్డించు. ఇతర మతాల్లో సత్యమైనది, పవిత్రమైనది ఏదీ శ్రీసభ తోసిపుచ్చదని 1965లో బిషప్పులంతా కూడిన వాటికన్ మహాసభే చెప్పింది. నువ్వు చేయలేనిది ఏదైనా ఉంటే పెద్దావిడ చేతులు పట్టుకుని నెమ్మదిగా చెప్పు. బోనం ఎత్తే ఆడవాళ్ళకు భక్తి అంటే ఏమిటో తెలుసు, నీ భక్తినీ అర్థం చేసుకుంటారు. నటిస్తే మాత్రం ఇట్టే కనిపెడతారు.

పోలింగ్ ముందు రోజు రాత్రి కవర్లు వస్తాయి. "నువ్వు పంచకు, మేం పంచుకుంటాం, నీకు తెలియనట్టు ఉండు" అంటారు. తెలియనట్టు ఉండటం కుదరదు. అల్లుడికీ, మరుదులకీ ఇప్పుడే గట్టిగా చెప్పు. ఆ రాత్రి ఇల్లంతా మనుషులు, ఒకటే ఫోన్లు, అప్పుడు చెప్తే ఎవరూ వినరు.

గెలిస్తే అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. నాలా పక్క ఇళ్ళు తీసేయాలని ఒక రోజు కౌన్సిల్లో వస్తుంది. 2020 అక్టోబరు వరదలు చూశావు, నాలాలు మూసేస్తే ఏమవుతుందో తెలుసు. ఆ ఇళ్ళలో ఉన్నది ఎవరో కూడా తెలుసు. పార్టీ ఒకటి చెప్తుంది, బస్తీ ఒకటి చెప్తుంది. దానికి జవాబు ఏ ఫాదర్‌గారినీ అడగకు, ఆయన దగ్గర ఉండదు. నీ అభిప్రాయాన్ని శ్రీసభ అభిప్రాయమని కూడా చెప్పకు, ఇలాంటి వాటిలో మనలో మనకే వేరు వేరు అభిప్రాయాలు ఉండొచ్చు. చెయ్యి ఎత్తేముందు ఆ ఇళ్ళకు వెళ్ళు, ఇంజినీరును వెంటబెట్టుకుని వెళ్ళు, వాళ్ళకు ఎక్కడ ఇల్లిస్తారో కాగితం మీద అడుగు. తర్వాత గుడిలో ఒక్కదానివే కూర్చో. మనస్సాక్షి మనిషి దేవుడితో ఒంటరిగా ఉండే చోటని మహాసభ చెప్పింది. అయితే వివరాలు తెలుసుకోకుండా అక్కడికి వెళ్ళి కూర్చుంటే మన కోపమే దేవుడి మాటలా వినిపిస్తుంది, జాగ్రత్త. తెలుసుకున్నాక ఏది సరైనదని గట్టిగా అనిపిస్తే అదే చెయ్యి, పార్టీ ఏమన్నా సరే.

తెల్లవారుజామున రోడ్లు ఊడ్చే అమ్మల జీతం సమయానికి పడుతోందా లేదా అన్నది మొదటి నెలలోనే కనుక్కో. 1891లో లియో పోపుగారు కార్మికుల కూలి గురించి రాసిన లేఖ మన ఇంట్లో ఉంది, తెలుగులో కాదు కానీ నేను చదివి చెప్తాను.

చాలా కసిరాను. నువ్వు చిన్నప్పుడు జపమాల మధ్యలో నిద్రపోతే వీపు మీద ఒకటి వేసి ఒళ్ళో పడుకోబెట్టుకునేదాన్ని, ఇప్పుడు ఒక దెబ్బ మాత్రమే వేయగలను, నువ్వు ఒళ్ళో పట్టవు. మీ నాన్న ఉంటే ఇంటింటికీ నీ పాంప్లెట్లు వాడే పంచేవాడు.

నామినేషన్ పేపర్లు నింపాక సంతకం చేయకుండా ఒకసారి ఇక్కడికి తీసుకురా. స్పెల్లింగులు, తారీఖులు నేను చూస్తాను. బుధవారం తప్ప ఎప్పుడైనా ఇంట్లోనే ఉంటాను, బుధవారం నోవేనా ప్రార్థనకు వెళ్తాను. వచ్చేటప్పుడు అల్లుణ్ణి కూడా తీసుకురా, ఆయనతో కవర్ల సంగతి నేనే మాట్లాడతాను.

మరియ తల్లి నీకు తోడుండాలి.

మీ అత్త