20 వేలలో సబ్‌వూఫర్: ముందు హాలు కొలుద్దాం

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటున్నాము. పాత హోమ్ థియేటర్ పాడైపోవడంతో, ఐదు స్పీకర్లకు, ఒక సబ్‌వూఫర్‌కు ధ్వనిని పంచే 5.1 రిసీవర్, ఐదు చిన్న స్పీకర్లు కొన్నాము. లోతైన బేస్ ధ్వని ఇచ్చే సబ్‌వూఫర్‌కు 20 వేల రూపాయల వరకు పెట్టగలము. ఎస్పీ రోడ్‌లో దాదాపు ఒకే ధరకు 8 అంగుళాల ‘200 వాట్ల’ మోడల్, 10 అంగుళాల ‘50 వాట్ల’ మోడల్ చూపించారు. మా హాలు, డైనింగ్ కలిపి 22 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. టీవీ పొడవాటి గోడకు ఉంది, సోఫా ఎదుటి గోడకు ఆనించి ఉంది. ఏది కొనాలి? కింది ఇంటివారికి ఇబ్బంది కలగకూడదు.

జవాబు: 10 అంగుళాలదే తీసుకోండి. 200 అనే అంకె మిమ్మల్ని ఊరించడం సహజమే కానీ, అది నిరంతరం ఇవ్వగల ఆర్‌ఎంఎస్ శక్తా, లేక క్షణకాలం మాత్రమే అందే గరిష్ఠ శక్తా అన్నది అట్టపెట్టె మీద కాకుండా మాన్యువల్‌లో చూడాలి. ఒకవేళ అది నిజమైన ఆర్‌ఎంఎస్ లెక్కే అయినా, వాట్లు రెట్టింపైనప్పుడు పెరిగేది 3 డెసిబెల్‌లే. చెవికి అది కొద్దిపాటి తేడాగానే తెలుస్తుంది. లోతైన ధ్వనికి కావలసింది గాలిని కదిలించడం. హెర్ట్జ్ అంకె ఎంత తగ్గితే ధ్వని అంత లోతు. అదే బిగ్గరతనంతో 80 హెర్ట్జ్ నుంచి 40 హెర్ట్జ్‌కు దిగాలంటే స్పీకర్‌లో గాలిని నెట్టే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకూ వెనక్కూ ఊగాలి. 8 అంగుళాల కోన్ కంటే 10 అంగుళాల కోన్ వైశాల్యం సుమారు ఒకటిన్నర రెట్లు కాబట్టి, అదే పనిని తక్కువ శ్రమతో, తక్కువ వక్రీకరణతో చేస్తుంది.

పెట్టె పరిమాణం కూడా అంతే ముఖ్యం. అమెరికాలో 1957లో మొదలైన కేఎల్‌హెచ్ అనే స్పీకర్ల సంస్థ పేరులోని ‘హెచ్’ అక్షరం హాఫ్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్తది. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ శక్తితో ఎక్కువ ధ్వని అనే మూడింటిలో రెండే ఒకేసారి దక్కుతాయన్న ఆయన సూత్రాన్ని స్పీకర్లు తయారుచేసేవారు నేటికీ దాటలేదు. చిన్న పెట్టెలోంచి లోతైన ధ్వని రాబట్టాలంటే ఖరీదైన ఆంప్లిఫయర్ కావాలి, అది మీ బడ్జెట్‌లో రాదు. అందువల్ల చూడటానికి కాస్త మోటుగా ఉన్నా, గాలి గొట్టం ఉన్న పెద్ద పెట్టెనే ఎంచుకోమంటాను. గొట్టం లేని మూసివున్న పెట్టెలో, స్వరం లోతుకు దిగేకొద్దీ ధ్వని నెమ్మదిగా తగ్గుతుంది. గొట్టమున్న దానిలో ఒక హద్దు వరకు బలంగా ఉండి, ఆ కిందకు వేగంగా పడిపోతుంది. సినిమాలకు, మీ అంత విశాలమైన హాలుకు రెండోదే గిట్టుబాటు.

ఆ హద్దు ఎక్కడుందో చదవడం నేర్చుకోవాలి. పోల్క్ పీఎస్‌డబ్ల్యూ10ను ఉదాహరణగా తీసుకుంటే, నిరంతర శక్తి 50 వాట్లే అయిన ఈ 10 అంగుళాల మోడల్‌కు మొత్తం స్పందన 35 హెర్ట్జ్ నుంచి అని రాస్తూనే, 3 డెసిబెల్‌లు తగ్గే చోటు 40 హెర్ట్జ్ అని కంపెనీ విడిగా చెబుతుంది. నమ్మవలసింది ఆ రెండో అంకెనే. డెసిబెల్ ప్రస్తావన లేకుండా ‘20 హెర్ట్జ్ వరకు’ అని మాత్రమే రాసి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

దుకాణంలో మీకు బాగా తెలిసిన మృదంగం తని ఆవర్తనం వినిపించమనండి. ఎడమవైపు తొప్పి మీద పడే ప్రతి దెబ్బా విడివిడిగా మొదలై, విడివిడిగా ఆగాలి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ‘బుమ్‌మ్’ అని సాగితే ఆ మోడల్ వద్దు. అలాగే గొట్టం ముందు అరచేయి పెట్టి శబ్దం పెంచండి. గాలి చేతికి తగలడం మామూలే, కానీ ఆ గాలి ‘ఉస్సు’మని చెవికి కూడా వినిపించకూడదు. సబ్‌వూఫర్‌కు సొంత కరెంటు తీగ ఉందో లేదో కూడా చూడండి. మీ రిసీవర్ సబ్‌వూఫర్‌కు సిగ్నల్ మాత్రమే పంపుతుంది కనుక ఆంప్లిఫయర్ లోపలే ఉన్న మోడల్ కావాలి.

ఇక మీ హాలు సంగతి. పొడవు వెడల్పుకు సరిగ్గా రెట్టింపు ఉండటం వల్ల ఒక చిక్కు ఉంది. 11 అడుగుల గోడల మధ్య ధ్వని సుమారు 51 హెర్ట్జ్ వద్ద అనునాదం చెందుతుంది, అంటే ఆ స్వరం మిగతావాటికంటే బిగ్గరగా మోగుతుంది. 22 అడుగుల పొడవులో వచ్చే రెండో అనునాదం కూడా అక్కడే పడుతుంది. సబ్‌వూఫర్‌ను అలవాటుగా మూలలో పెడితే రెండూ కలిసి, గోడకు ఆనిన సోఫా మీద కూర్చున్నవారికి ఆ ఒక్క స్వరమే హోరెత్తి వినిపిస్తుంది. టీవీ ఉన్న గోడ వెంబడే, మూల నుంచి ఐదున్నర అడుగుల దూరంలో, అంటే పొడవులో నాలుగో వంతు దగ్గర పెట్టి చూడండి. పొడవు తాలూకు ఆ అనునాదం అక్కడ దాదాపుగా పుట్టదు. తర్వాత సబ్‌వూఫర్‌ను సోఫా మీదికి ఎక్కించి, ఒక పాట పెట్టి, మీరు నేల మీద మోకాళ్లపై గోడ వెంట కదులుతూ బేస్ సమంగా వినిపించే చోట సుద్దతో గుర్తు పెట్టండి. చివరికి సబ్‌వూఫర్ ఉండవలసిన చోటు అదే. ఈ అరగంట పనికి పైసా ఖర్చు లేదు, ఫలితం మాత్రం మోడల్ మార్చినంత ఉంటుంది.

రిసీవర్‌లో స్పీకర్లను ‘స్మాల్’ అని ఎంచుకుని, క్రాసోవర్‌ను, అంటే ఏ స్వరం నుంచి కిందది సబ్‌వూఫర్‌కు వెళ్లాలో చెప్పే హద్దును, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. సబ్‌వూఫర్ వెనకున్న క్రాసోవర్ నాబ్‌ను గరిష్ఠానికి తిప్పి వదిలేయండి. లేకపోతే రెండు వడపోతలు ఒకదానిమీద ఒకటి పడతాయి. కింది ఇంటి విషయంలో మందపాటి రబ్బరు మ్యాట్ పెట్టెలోని అదురును కొంత ఆపుతుంది కానీ, గాలిలో వెళ్లే బేస్‌ను స్లాబ్ కూడా పూర్తిగా ఆపలేదు. రాత్రి తొమ్మిది దాటాక రిసీవర్‌లో పెద్ద శబ్దాలను అదుపు చేసే నైట్ మోడ్ వాడండి, సబ్‌వూఫర్ శబ్దాన్ని తగ్గించండి. మొదటి రోజే కింది వారి తలుపు తట్టి, ఒక సన్నివేశం నడుస్తుండగా వారింట్లో ఎంత వినిపిస్తుందో విని రండి.

ప్రశ్న: సినిమా ఆపినా మా సబ్‌వూఫర్ సన్నగా ‘ఊఁ’ అంటూనే ఉంటుంది. పాడైందా? (ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: సబ్‌వూఫర్‌కు వచ్చే ఆడియో కేబుల్‌ను పీకి చూడండి. మోత ఆగిపోతే సబ్‌వూఫర్ బాగానే ఉందని, ఎర్త్ తేడా వల్ల మన 50 హెర్ట్జ్ కరెంటు మోత కేబుల్ గుండా వస్తోందని అర్థం. రిసీవర్, టీవీ, సబ్‌వూఫర్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించండి. అయినా తగ్గకపోతే సెట్‌టాప్ బాక్స్‌కు వచ్చే కేబుల్ టీవీ తీగను ఒకసారి తీసి చూడండి. చాలా ఇళ్లలో మూలం అదే. మూడు పిన్నుల ప్లగ్ ఉంటే, ఎవరు చెప్పినా సరే, ఎర్త్ పిన్ను మాత్రం తీసేయకండి. మోత పోతుంది కానీ లోపల ఏదైనా లోపం వచ్చిన రోజు ఆ పెట్టెను ముట్టుకున్నవారికి షాక్ కొడుతుంది.