క్యాల్క్ త్రీ తీస్కోబోయే మన హైదరాబాద్ పిల్లలకి

సెలవు మీద హైదరాబాద్ వచ్చి నిజాంపేట్‌లో అక్క వాళ్లింట్లో ఉన్నా. మేనల్లుడి ఫ్రెండ్స్ కొందరు ఆగస్టులో బీఎస్ చదవడానికి అమెరికా వెళ్తున్నారు, వీసా, బ్యాంకు, లగేజీ సంగతులన్నీ అయిపోయాక అందరూ అడిగేది ఒకటే, "అంకుల్, ఇంటర్ ఎంపీసీలో మ్యాథ్స్ బాగా వచ్చింది, అక్కడ మల్టీవేరియబుల్ క్యాలిక్యులస్ డైరెక్ట్‌గా తీస్కోవచ్చా?" ఒక్కొక్కళ్లకీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తే ఇంకొంతమందికి కూడా పనికొస్తుందని రాస్తున్నా.

ముందు కోర్సు ఏంటో చూడండి. ఎక్కువ చోట్ల క్యాల్క్ త్రీ అంటారు, నంబరు మాత్రం యూనివర్సిటీకొకటి, బర్క్‌లీలో మ్యాథ్ 53, ఇల్లినాయ్ అర్బానాలో మ్యాథ్ 241, జార్జియా టెక్‌లో మ్యాథ్ 2551, ఎంఐటీలో 18.02. లోపల సరుకు దాదాపు ఒకటే: వెక్టర్లు, పార్షియల్ డెరివేటివ్‌లు, గ్రేడియెంట్, లగ్రాంజ్ మల్టిప్లయర్లు, డబుల్ ట్రిపుల్ ఇంటిగ్రల్స్, చివర్లో గ్రీన్, స్టోక్స్, డైవర్జెన్స్ థీరమ్‌లు. తీస్కోవచ్చా అంటే మీ డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంటే తీస్కోవచ్చు, కానీ దీనికి ముందుండే క్యాల్క్ టూ సిలబస్ ఒకసారి దగ్గర పెట్టుకుని చూస్కోండి. మన ఇంటర్ సెకండియర్ మ్యాథ్స్ 2బీలో ఇంటిగ్రేషన్ గట్టిగా చేయిస్తారు, టెక్నిక్స్‌లో మీకు తిరుగులేదు, కాకపోతే ఇన్‌ఫినిట్ సిరీస్ కన్వర్జెన్స్ టెస్టులు, పోలార్ కర్వ్‌ల ఏరియాలు మనకి ఇంటర్లో లేవు. సిరీస్ లేకపోయినా క్యాల్క్ త్రీ ఎట్లాగో నడిచిపోతుంది గానీ తర్వాత డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో, ప్రాబబిలిటీలో అడుగడుగునా అడ్డం వస్తుంది, పోలార్ అయితే క్యాల్క్ త్రీ సగంలోనే కావాలి. ఈ రెండూ ఫ్లైట్ ఎక్కేలోపు ఇంట్లోనే నేర్చేస్కోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. మనవాళ్లు ఈ కోర్సులో దెబ్బతినేది మొదట్లో కాదు. మొదటి మూడు నాలుగు వారాలు డాట్ ప్రోడక్ట్, క్రాస్ ప్రోడక్ట్, ప్లేన్ ఈక్వేషను, ఇవన్నీ మన 1ఏ, 1బీలో నూరిపోసినవే. పక్కనున్న అమెరికన్ పిల్లలు తంటాలు పడుతుంటే మనకి అంతా తెలిసిందే అనిపించి క్లాసు మానేసి ఆ టైము కోడింగ్ క్లాసుకి ఇచ్చేస్తారు. మొదటి మిడ్‌టర్మ్‌లో మంచి మార్కులు కూడా వస్తాయి. ఆ తర్వాత మల్టిపుల్ ఇంటిగ్రల్స్ మొదలయ్యాక అదే పిల్లాడు ఫోన్ చేసి నాకేమీ అర్థం కావట్లేదు అంటాడు, అట్లాంటి ఫోన్లు నాకు దాదాపు ప్రతి సెమిస్టరూ వస్తాయి. తెలివి లేక కాదు. ఎప్‌సెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 మ్యాథ్స్, నెగెటివ్ మార్కుల్లేవు, కాబట్టి మన ప్రాక్టీసంతా చూడగానే ఫార్ములా పట్టుకుని ఆన్సర్ లాగడం మీదే నడిచింది. ఈ కోర్సులో లెక్క చేయడం సగం పనే, ఆ ఏరియా ఎట్లా ఉందో బొమ్మ గీసి లిమిట్స్ రాయడం మిగతా సగం, ఆ సగానికి ఫార్ములా ఉండదు.

ఒక్క లెక్క చెప్తాను, పెన్ను తీస్కోండి. ఇ పవర్ వై స్క్వేర్‌ని ఇంటిగ్రేట్ చేయాలి, లోపలి ఇంటిగ్రల్‌లో వై అనేది ఎక్స్ నుంచి 1 దాకా, బయట ఎక్స్ 0 నుంచి 1 దాకా. ఉన్నది ఉన్నట్టు మొదలుపెడితే ఎంత టాపర్ అయినా ఆగిపోవాల్సిందే, ఎందుకంటే ఇ పవర్ వై స్క్వేర్‌కి మనకి తెలిసిన ఫంక్షన్లలో ఇంటిగ్రల్ లేదు. అదే బొమ్మ గీస్తే అది (0,0), (0,1), (1,1) మూలలుగా ఉన్న త్రిభుజం అని కనపడుతుంది, దాన్నే అడ్డంగా కోస్తే ఎక్స్ 0 నుంచి వై దాకా, వై 0 నుంచి 1 దాకా, లోపలి ఇంటిగ్రల్‌కి వై ఇంటూ ఇ పవర్ వై స్క్వేర్ వస్తుంది, అది మీరు నిద్రలో కూడా చేస్తారు, ఆన్సర్ (ఇ మైనస్ 1) మొత్తం బై 2. పరీక్షలో మార్కులు ఎక్కువగా ఆ బొమ్మకీ, మార్చిన లిమిట్స్‌కే ఉంటాయి, చివరి నంబరుకి కాదు. అందుకే నా మాట వినండి, బొమ్మ గీయకుండా ఒక్క డబుల్ ఇంటిగ్రల్ కూడా మొదలుపెట్టొద్దు, వచ్చిన లెక్క అయినా సరే.

గ్రేడియెంట్ కూడా అంతే, ఫార్ములాగా రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది, కానీ ఒకసారి గోల్కొండ కోట గుర్తు తెచ్చుకోండి. కొండ చుట్టూ ఒకే ఎత్తులో నడిస్తే అది లెవెల్ కర్వ్, నిలబడ్డ చోటు నుంచి అన్నిటికంటే నిటారుగా పైనున్న బాలాహిస్సార్ వైపు ఎక్కే దిక్కు గ్రేడియెంట్, అది ఎప్పుడూ ఆ లెవెల్ కర్వ్‌కి లంబంగానే ఉంటుంది. మీరు నడిచే బాట ముందే గీసి ఉంటే, ఆ బాట మీద అన్నిటికంటే ఎత్తైన చోట బాట లెవెల్ కర్వ్‌ని తాకుతూ పోతుంది తప్ప దాటదు, లగ్రాంజ్ మల్టిప్లయర్ అంటే ఇదే. ఇట్లా చూస్తే ఆ లగ్రాంజ్ ఈక్వేషన్లో లాంబ్డా ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

చిన్న చిన్నవి కొన్ని, కానీ మార్కులు పోయేది వీటి దగ్గరే. మన ఇంటర్ పుస్తకాల్లో లాగ్ ఎక్స్ అంటే నేచురల్ లాగ్, అక్కడ దాన్ని ఎల్ఎన్ అని రాస్తారు, క్యాలిక్యులేటర్లో లాగ్ నొక్కితే బేస్ 10 వస్తుంది. స్ఫెరికల్ కోఆర్డినేట్స్‌లో అక్కడి మ్యాథ్స్ పుస్తకాల్లో ఎక్కువగా జెడ్ యాక్సిస్ నుంచి కొలిచే కోణం ఫై, ఫిజిక్స్‌లో అదే తీటా, ఒకే సెమిస్టర్లో రెండు కోర్సులూ ఉంటే కలిసిపోతాయి, నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసిపెట్టుకోండి. పోలార్‌కి మార్చినప్పుడు ఆర్, స్ఫెరికల్‌కి రో స్క్వేర్ సైన్ ఫై అదనంగా గుణించాలి, ఇవి మర్చిపోతే తర్వాత చేసిందంతా వృథా.

చివర్లో వచ్చే మూడు థీరమ్‌లని విడివిడిగా బట్టీ పట్టకండి, లోపల జరిగే మార్పంతా కూడితే అంచు మీద కనపడేదానికి సమానం, మూడూ చెప్పేది ఇదే, మీరు 2బీలో చదివిన ఫండమెంటల్ థీరమ్ కూడా ఇదే. నాకు ఇష్టమైన సంగతి ఒకటుంది, గ్రీన్ అనే ఆయన నాటింగ్‌హమ్‌లో పిండిమర నడిపేవాడు, చిన్నప్పుడు కొద్దికాలమే స్కూలుకెళ్లాడు, 1828లో సొంతంగా అచ్చేయించిన వ్యాసంలోంచే ఆయన పేరు ఇన్నేళ్లు నిలబడింది. స్టోక్స్ థీరమ్ అయితే 1854లో కేంబ్రిడ్జ్‌లో స్టోక్స్ ఇచ్చిన ప్రశ్నపత్రంలోనే ప్రశ్నగా వచ్చింది, ఆ పరీక్ష రాసినవాళ్లలో మ్యాక్స్‌వెల్ ఉన్నాడు.

కోచింగ్ అని అమీర్‌పేట్ వైపు పరిగెత్తాల్సిన పన్లేదు. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో 2007లో డెనిస్ ఓరూ చెప్పిన 18.02 లెక్చర్లు మొత్తం ఫ్రీగా ఉన్నాయి, ఖాన్ అకాడమీలో గ్రాంట్ శాండర్సన్ చేసిన మల్టీవేరియబుల్ వీడియోలు బొమ్మలు కళ్లకి కట్టడానికి చాలా బాగుంటాయి, సర్ఫేస్‌లు తిప్పి చూడాలంటే జియోజీబ్రా యాప్ చాలు. అక్కడికెళ్లాక ఆఫీస్ అవర్స్‌కి వెళ్లండి. మన పిల్లలు సార్ ఏమనుకుంటారో అని వెళ్లరు, ఆయన ఆ గంట ఖాళీగా కూర్చునేది మీకోసమే, "ఈ లిమిట్ ఇట్లా ఎందుకు రాశారు" అని అడగడం అక్కడ తప్పు కాదు. హోంవర్క్ సొల్యూషన్లు వాట్సాప్ గ్రూపులో పంచుకోవడం, ఏఐతో రాయించి పెట్టడం మాత్రం చేయకండి. దొరికితే సస్పెన్షన్ దాకా వెళ్లొచ్చు, సస్పెన్షన్ వస్తే వీసా స్టేటస్ కూడా ప్రమాదంలో పడుతుంది.

కోర్సు మధ్యలో మునిగిపోతున్నట్టు అనిపిస్తే విత్‌డ్రా చేస్కోవచ్చు, కానీ ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న అండర్‌గ్రాడ్‌కి సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. క్యాల్క్ త్రీ చాలా చోట్ల 4 క్రెడిట్లు, మీరు 16 తీస్కుని ఉంటే ఇది వదిలినా 12 మిగులుతాయి, 14 తీస్కుని ఉంటే 10కి పడిపోతారు. అట్లాంటప్పుడు ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓని (మీ వీసా రికార్డులు చూసే యూనివర్సిటీ అధికారిని) కలవండి, మీకు తగని లెవెల్ కోర్సులో పడ్డారని ఆయన ఒప్పుకుంటే ఒక డిగ్రీలో ఒక్కసారి క్రెడిట్లు తగ్గించుకోవడానికి పర్మిషన్ ఇవ్వొచ్చు, పర్మిషన్ చేతికొచ్చాకే కోర్సు డ్రాప్ చేయాలి, ముందు డ్రాప్ చేసి తర్వాత చెప్తే కుదరదు.

ఎంఎస్‌కి వెళ్తున్న జేఎన్‌టీయూ వాళ్లకి ఒక మాట. డేటా సైన్స్, స్టాటిస్టిక్స్ అడ్మిషన్లలో మల్టీవేరియబుల్ చదివారా అని అడుగుతారు, మీరు బీటెక్ ఫస్టియర్లోనే చదివారు, కానీ ఆర్18 రెగ్యులేషన్ వాళ్ల మార్కుల మెమోలో మ్యాథమెటిక్స్-1, మ్యాథమెటిక్స్-2 అని మాత్రమే ఉంటుంది, చూసేవాళ్లకి లోపల ఏముందో తెలీదు. మీ రెగ్యులేషన్ సిలబస్ పీడీఎఫ్ దింపుకుని పార్షియల్ డిఫరెన్షియేషన్, మల్టిపుల్ ఇంటిగ్రల్స్, వెక్టర్ ఇంటిగ్రేషన్ ఉన్న పేజీలు అప్లికేషన్‌తో పాటే పంపండి. ఆర్22 వాళ్లకి పేర్లలోనే మ్యాట్రిసెస్ అండ్ క్యాలిక్యులస్, వెక్టర్ క్యాలిక్యులస్ అని ఉంది కాబట్టి అంత ఇబ్బంది రాదు, అయినా సిలబస్ కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి.