రాడార్ చదువు రిసీవర్ దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి చిన్నాకి,

పెదనాన్న ఆశీస్సులు. కాకినాడలో ఈసీఈ మూడో సంవత్సరంలోకి వచ్చావనీ, రక్షణ రంగంలో రాడార్ల పనే చేస్తానంటున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. నౌకాదళంలో నా ఉద్యోగమంతా రాడార్, వైర్‌లెస్ పరికరాల మధ్యే గడిచింది కాబట్టి నీకు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. తరంగాన్ని పంపే ట్రాన్స్‌మిటర్ మోజు కాస్త పక్కన పెట్టి, తగిలి తిరిగొచ్చే తరంగాన్ని పట్టే రిసీవర్ ముందు చదువు.

కుర్రాళ్లందరికీ ఎన్ని కిలోవాట్లు, ఎంత దూరం అన్నదే ధ్యాస. లెక్క వేసి చూడు. తరంగం వెళ్లేటప్పుడు దూరం వర్గాన్ని బట్టి పలచబడుతుంది. విమానానికి తగిలి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అంతే. అందుకే చూపు దూరం రెట్టింపు కావాలంటే పవర్ 16 రెట్లు పెంచాలి. ఓడ మీద అంత కరెంటు ఎక్కడి నుంచి తెస్తావు? అదే నీ రిసీవర్ ఇప్పటికన్నా సగం బలమున్న సిగ్నల్‌ని కూడా పట్టగలిగితే, ట్రాన్స్‌మిటర్ని ముట్టుకోకుండానే దాని పవర్ రెట్టింపు చేసినంత లాభం. పైగా పవర్ పెంచినకొద్దీ నువ్వెక్కడున్నావో శత్రువుకి ఇంకా దూరం నుంచే తెలిసిపోతుంది.

1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండ్‌లో డావెంట్రీ దగ్గర విమానాన్ని రేడియో తరంగాలతో పట్టొచ్చని చూపడానికి వాట్సన్ వాట్, విల్కిన్స్ చేయించిన ప్రయోగానికి సొంత ట్రాన్స్‌మిటరే లేదు. బీబీసీ షార్ట్‌వేవ్ స్టేషన్ ప్రసారాన్నే వాడుకున్నారు. పొలంలో ఆపిన బండిలో రిసీవర్ పెట్టుకుని, హేఫోర్డ్ బాంబర్‌కి తగిలి వచ్చే సిగ్నల్‌ని తెర మీద చూశారు. సుమారు 13 కిలోమీటర్ల దాకా దొరికింది. వాట్సన్ వాట్ అంతకుముందు వాతావరణ శాఖలో, మెరుపులు పుట్టించే రేడియో తరంగాలను బట్టి ఉరుముల మేఘం ఏ దిక్కున ఉందో కనిపెట్టే పని చేసేవాడు. జర్మన్ జలాంతర్గామి క్షణకాలం మెసేజ్ పంపినా దాని దిక్కు పట్టేసిన 'హఫ్ డఫ్' ఆ పనిలోంచే వచ్చింది.

నీకిష్టమైన మాగ్నెట్రాన్, అంటే రాడార్ తరంగాన్ని పుట్టించే వాల్వు, సంగతికొస్తాను. 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రాండల్, బూట్ క్యావిటీ మాగ్నెట్రాన్ తయారుచేశారు. 10 సెంటీమీటర్ల తరంగం అంత పవర్‌తో రావడం వల్లే విమానంలో పట్టేంత చిన్న యాంటెన్నాతో పదునైన చూపు సాధ్యమైంది. పుస్తకాలన్నీ దాన్ని పొగుడుతాయి, పొగడాల్సిందే. కానీ తిరిగొచ్చే తరంగాన్ని పట్టడం అప్పటి మామూలు వాల్వుల వల్ల కాలేదు. వాల్వు లోపల ఎలక్ట్రాన్ ఈ కొస నుంచి ఆ కొసకి చేరేలోపే తరంగం అటుదిటు అయిపోయేది. చివరికి సిలికాన్ ముక్క మీద సన్నటి టంగ్‌స్టన్ తీగ మొన ఆనించిన డిటెక్టర్ దిక్కయింది. స్ఫటికంతో రేడియో తరంగాలు పట్టొచ్చని మన జగదీశ్ చంద్ర బోస్ ఎప్పుడో చూపించి, గలీనా (సీసపు ఖనిజం) డిటెక్టర్‌కి 1904లోనే అమెరికా పేటెంట్ పొందాడు. చాలామందికి ఆయన మొక్కల శాస్త్రవేత్తగానే తెలుసు, అది నాకు బాధ. యుద్ధంలో సిలికాన్, జెర్మేనియం శుద్ధి చేయడానికి పడ్డ శ్రమే 1947లో ట్రాన్సిస్టర్‌కి దారి వేసింది.

ఇక నాయిజ్, అంటే సిగ్నల్‌లో కలిసిపోయే అక్కర్లేని గోల. జగ్గన్నతోట తీర్థంలో అంత గోలలోనూ తల్లి తన పిల్లాడి గొంతు గుర్తుపట్టినట్టు, రిసీవర్ తాను పంపిన పల్స్ ఆకారాన్ని నాయిజ్‌లోంచి ఏరుకుంటుంది. మ్యాచ్‌డ్ ఫిల్టర్ చేసే పని అదే, దాని వెనక లెక్కే కన్వల్యూషన్, కాబట్టి దాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టకు. డాప్లర్ అధ్యాయం అస్సలు వదలకు. 1943 జులైలో హాంబర్గ్ మీద బ్రిటిష్ విమానాలు రేకు పట్టీలు గుట్టలుగా జార్చాయి. పట్టీ పొడవు జర్మన్ రాడార్ తరంగంలో సుమారు సగం. తెరలన్నీ నిండిపోయి విమానమేదో, రేకేదో తెలియలేదు. రేకు గాలివాటున మెల్లగా పోతుంది, విమానం దూసుకుపోతుంది. ఆ వేగాల తేడాని ఫ్రీక్వెన్సీలో చదవడమే డాప్లర్ కిటుకు. యుద్ధకాలపు ఆపరేటర్లకి తెర మీద వాన కనబడితే చిరాకు. మచిలీపట్నం డాప్లర్ రాడార్ ఇప్పుడు మనకోసం చూసేది ఆ వాననే. 1996 నవంబరు 6 తుపాను మన కొబ్బరి తోటల్ని ఏం చేసిందో మీ నాన్నని అడుగు, ఆ రాడార్ విలువ తెలుస్తుంది.

దసరాకి అమలాపురం వచ్చినప్పుడు అటక మీది పాత ట్రాన్సిస్టర్ రేడియో దించు. మూత తీస్తే నల్లటి కడ్డీకి రాగి తీగ చుట్టి ఉంటుంది, అదే యాంటెన్నా. మీడియం వేవ్‌లో విజయవాడ, 837 కిలోహెర్ట్జ్ పెట్టి, రేడియోని బల్ల మీద మెల్లగా తిప్పు. ఒకచోట గొంతు బాగా సన్నగిల్లుతుంది. అప్పుడు కడ్డీ కొస స్టేషన్ వైపు ఉన్నట్టు. గట్టిగా వినబడే దిక్కు చాలా వెడల్పు, దాంతో పని కాదు. సన్నగిల్లే చోటే కచ్చితం. ఆ దిక్కుని దిక్సూచితో కొలిచి, మ్యాప్ మీద విజయవాడ నుంచి గీత గియ్యి. విశాఖపట్నం 927కీ అలాగే చెయ్యి. మనకి ఒకటి పడమర, రెండోది ఈశాన్యం కాబట్టి గీతలు చక్కగా కోసుకుంటాయి. పట్టపగలే చెయ్యి, రాత్రయితే అయనోస్ఫియర్ అనే ఆకాశపు పై పొర నుంచి దిగే తరంగాలు కలిసి దిక్కు తప్పిస్తాయి. ఇనప గ్రిల్ పక్కనా వద్దు.

ట్రాన్స్‌మిట్ చేసే సర్క్యూట్ల జోలికి మాత్రం లైసెన్సు లేకుండా పోకు. ముందు హామ్ రేడియో (ఔత్సాహికుల రేడియో) పరీక్ష రాయి.

గీతలు కోసుకున్నచోటు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. ఊరికి పది కిలోమీటర్లు పక్కన పడ్డా దిద్దొద్దు. ఎందుకు పడిందనుకుంటున్నావో కింద రాసి పంపు.

నీ పెదనాన్న