సమాధానం: "బహుశా" ఒక్కటే చాలడం లేదా?
మీరు తయారుచేస్తున్న భాషలో అనుమానానికంతా "బహుశా" లాంటి ఒక్క మాటే ఉందని, వాక్యాలన్నీ ఒకేలా వస్తున్నాయని రాశారు. చిక్కల్లా మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే మూట కట్టడం. మన తెలుగే చూడండి: "వచ్చాడేమో" ఊహ, "వచ్చాడట" విన్నమాట, "నలుగురైదుగురు" ఉజ్జాయింపు లెక్క. మీ భాషలాగే కావాలని తయారుచేసిన లోజ్బాన్ అనే భాషలో విన్నమాటకు "తిహె", ఉజ్జాయింపు అంకె ముందు "జిహి" వాడతారు. 1982లో అమెరికన్ రచయిత్రి సుజెట్ హేడెన్ ఎల్గిన్ మొదలుపెట్టిన లాడన్ అనే కల్పిత భాషలో సంగతి ఎలా తెలిసిందో వాక్యం చివర చెప్పాలి. నిజమో కాదో తెలీదనడానికి కూడా ఒక గుర్తుంది! కొద్ది మాటలతోనే నడిచే టోకి పోనా అనే మరో కల్పిత భాషకు ఈ గొడవ లేదు, వాక్యం ముందు "కెన్ లా" (బహుశా) అంటే సరి.

నేనైతే క్రియకు రెండు ప్రత్యయాలు (ఊహకొకటి, విన్నమాటకొకటి), ఉజ్జాయింపుకు అంకెకు ఒకటి పెడతాను. తప్పనిసరి మాత్రం చేయకండి. నేను చేసి, రెండు పేరాలకే విసిగిపోయాను.