బుజ్జీ, ఆ సాఫ్ట్‌వేర్ బిల్లుకి అప్పుడే ఊ అనకు

బుజ్జీ,

నీ డీజిల్ కారులో హెచ్చరిక లైట్ వెలుగుతోందని చూపిస్తే సర్వీస్ సెంటర్ వాళ్లు రాసిచ్చారని నువ్వు పంపిన ఎస్టిమేట్ చూశాను. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ 4,500, స్కానింగ్ 1,200, మీద 18 శాతం జీఎస్టీ, అంతా కలిపి 6,726. "కట్టడం దండగా పెదనాన్నా, లేక నిజంగా అవసరమా" అని అడిగావు. ఆ కాగితం చూసి మాత్రం కట్టొద్దు. అప్‌డేటే వద్దని నేననట్లేదు, ఏ అప్‌డేటో, దేనికో అందులో ఒక్క ముక్క లేదు, అందుకే. నీ ఉద్యోగమే సాఫ్ట్‌వేర్, ఏం మార్చారో రాయకుండా ఎవడైనా కొత్త వెర్షన్ పంపిస్తే మీ టీంలో ఊరుకుంటారా? మరి కారు దగ్గరికి వచ్చేసరికి సర్వీస్ అడ్వైజర్ "మేడం, ఈసీయూ అప్‌డేట్ పెండింగ్ ఉంది" (ఈసీయూ అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) అనగానే మీరంతా ఎందుకు తలూపేస్తారో నాకర్థం కాదు.

గ్యారేజీల్లో ఇప్పుడు సాఫ్ట్‌వేర్ అనే పేరు కింద వేర్వేరు పనులన్నీ కలిపి రాసేస్తున్నారు, ముందు అవి విడదీసుకో. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, ఓబీడీ పోర్ట్ అంటారు. దానికి స్కానర్ పెట్టి, కారులో లోపాలను సూచించే కోడ్లు చదవడం కాసేపటి పని, వాటిని చెరిపేయడం ఇంకో నిమిషం. చదివిన కోడ్లు కాగితం మీద నీకివ్వకుండా చెరిపేస్తే మాత్రం ఒప్పుకోకు, లైట్ వెలిగిన క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, స్పీడ్ ఎంత అన్న లెక్కలు కూడా ఆ కోడ్‌తో పాటే పోతాయి, తర్వాత జబ్బు వెతకాలంటే చీకట్లో తడుముకోవడమే. ఇక ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాకో, గేర్లు వాటంతటవే మారే ఏఎంటీ బండిలో క్లచ్ మార్చాకో కంప్యూటర్‌కి కొత్త కొలతలు నేర్పించాలి, దాన్ని రీలెర్న్ అంటారు. డీజిల్ ఇంజెక్టర్ మార్చితే చాలా బండ్లలో దాని మీదున్న కోడ్‌ని ఈసీయూలో ఎక్కించాలి. కొత్త తాళంచెవికి ప్రోగ్రామింగ్ కావాలి. ఇవన్నీ నిజంగా చేయాల్సిన పనులే, వీటికి డబ్బు అడిగితే పేచీ పెట్టకు. రీలెర్న్ చేయకుండా ఏఎంటీ బండి చేతికిస్తే మొదటి ఫ్లైఓవర్ ఎక్కేలోపే గేరు గేరుకీ కుదుపులు మొదలవుతాయి.

కానీ వీటిలో ఏదీ అప్‌డేట్ కాదు. కంపెనీ సర్వర్ నుంచి కొత్త ఫైల్ దింపి, ఈసీయూలో ఉన్న పాతదాని బదులు దాన్ని రాయడం అప్‌డేట్. మెకానిక్కులు ఫ్లాషింగ్ అంటారు. స్కానర్ పెట్టి కోడ్లు చెరిపేసి, బిల్లులో అప్‌డేట్ అని రాసిన వాళ్లను నా సర్వీసులో కావలసినంత మందిని చూశాను. లైట్ ఆరిపోతుంది, ఓనర్ సంతోషంగా వెళ్తాడు, కొన్ని రోజులకు మళ్లీ వెలుగుతుంది.

ఇక ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది చెప్తాను, ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదువు. నువ్వు బండి ఇచ్చేది కంపెనీ చేతికి కాదు, డీలర్ చేతికి. వారంటీలో ఉన్న బండికో, రీకాల్ వచ్చిన, అంటే లోపముందని వెనక్కి పిలిచిన బండికో పని చేస్తే లేబర్ డబ్బు డీలర్‌కి కంపెనీ నుంచి వస్తుంది. వారంటీ అయిపోయిన బండికి మామూలు అప్‌డేట్ చేస్తే కంపెనీ పైసా ఇవ్వదు, కాబట్టి నీ దగ్గర తీసుకుంటాడు. అందులో అన్యాయం లేదు, వాళ్ల స్కానర్లకీ ల్యాప్‌టాప్‌లకీ ఏటా లైసెన్స్ కట్టాలి, టెక్నీషియన్‌కి జీతమివ్వాలి, బండి నిలబడినంతసేపు ఆ చోట ఇంకో బండి పట్టదు. అన్యాయం ఎక్కడంటే, కంపెనీ ఇస్తున్న పనికే నీ దగ్గర కూడా వసూలు చేసినప్పుడు.

అందుకని ముందు నీ బండికి రీకాల్ ఏదైనా ఉందేమో చూడు. ఆర్సీలో ఛాసిస్ నంబర్ ఉంటుంది, కంపెనీ వెబ్‌సైట్‌లో అది కొడితే చాలావరకు తెలిసిపోతుంది, లేదంటే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్, డీలర్‌ని అడక్కు. రీకాల్ అంటే ఏదో పార్ట్ విరిగిపోతేనే అనుకుంటారు జనం, కానీ ఇప్పుడు చాలా రీకాళ్లు సాఫ్ట్‌వేర్‌వే. 2024లో కియా ఈవీ6 కార్లు 1,138 మన దేశంలో వెనక్కి పిలిచింది, ఛార్జింగ్ చూసుకునే యూనిట్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడానికే. అంతకుముందు 2015లో ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు పొగ లెక్కలు దాచే సాఫ్ట్‌వేర్ పెట్టి దొరికిపోయినప్పుడు మన దేశంలో కూడా 3 లక్షల పైచిలుకు డీజిల్ బండ్లను సరిచేస్తామని ప్రకటించాల్సి వచ్చింది. అదే ఏడాది అమెరికాలో ఇద్దరు నిపుణులు నడుస్తున్న జీప్ చెరోకీని ఎక్కడో కూర్చుని ఇంటర్నెట్ మీంచి ఆపి చూపించారు, దెబ్బకి 14 లక్షల బండ్లకు రీకాల్ ప్రకటించి, ఓనర్ల ఇళ్లకు పోస్టులో యూఎస్‌బీ డ్రైవ్‌లు పంపారు. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. మన దగ్గర మొదట్లో రీకాల్ కంపెనీల ఇష్టం మీదే ఉండేది, 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వమే రీకాల్‌కి ఆదేశించే అధికారం వచ్చింది. బ్రేకులు, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ వీటికి సంబంధించిన అప్‌డేట్ అని ఎవరైనా డబ్బు అడిగితే మాత్రం అక్కడే ఆగి కంపెనీకి ఫోన్ చెయ్. ప్రాణాల మీదకొచ్చే లోపాన్ని సరిచేయడానికి ఓనర్ దగ్గర డబ్బు తీసుకోవడమేంటి?

నీ బండి సంగతికి వస్తా. నువ్వు చెప్పిన దాన్ని బట్టి డీపీఎఫ్ లైట్ వస్తోంది, కోడ్ పి2463. అంటే పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ నిండిపోతోందని. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక డీజిల్ కార్లకి ఈ ఫిల్టర్ తప్పనిసరి అయింది, ఆ మసి కాలిపోవాలంటే ఫిల్టర్ లోపల వేడి 550, 600 డిగ్రీల దాకా వెళ్లాలి, దానికి బండి ఒకే స్పీడ్‌లో కొంతసేపు ఆగకుండా పరిగెత్తాలి. నువ్వేమో నల్లగండ్ల నుంచి గచ్చిబౌలికి, గచ్చిబౌలి నుంచి నల్లగండ్లకి, అదీ ఫస్ట్ గేరు సెకండ్ గేరులో. ఇంజిన్ వేడెక్కేలోపే ఆఫీసు పార్కింగ్‌లో దిగిపోతావు. మసి కాల్చడం మొదలుపెట్టిన ప్రతిసారీ నువ్వు ఇంజిన్ ఆపేస్తే దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ బాగుచేస్తుంది?

కాబట్టి మొదట చేయాల్సింది పైసా ఖర్చు లేని పని, డీజిల్ ఖర్చు తప్ప. లైట్ నిలకడగా వెలుగుతూ, పికప్ మామూలుగానే ఉంటే, ఆదివారం పొద్దున్నే గచ్చిబౌలిలో అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి రా. ఒక గేరు తక్కువలో, ఇంజిన్ నిమిషానికి 2,000 తిరుగుళ్ల పైన ఉండేట్టు, ఎక్కడా ఆగకుండా. ఓనర్ మాన్యువల్‌లో మీ బండికి ఎంత స్పీడ్, ఎంతసేపు అని రాసి ఉంటుంది, అది ఫాలో అవ్వు. సగం మందికి లైట్ దాంతోనే ఆరిపోతుంది అని నా అంచనా. బయల్దేరే ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడు, మాక్స్ గీత దాటి ఉంటే ఆయిల్‌లో డీజిల్ కలుస్తోందని అర్థం, మధ్యలో ఆగిపోయిన బర్నింగులు ఎక్కువైతే అలా అవుతుంది, అప్పుడు అవుటర్ ట్రిప్పు వద్దు, ముందు ఆయిల్ మార్పించు. లైట్ బ్లింక్ అవుతూ, పక్కన ఇంజిన్ లైట్ కూడా వచ్చి బండి లాగకపోతే అసలు తిప్పొద్దు, తీసుకెళ్లి సర్వీస్‌లో ఇవ్వు. అక్కడ స్కానర్‌తో బలవంతంగా మసి కాల్పిస్తారు, ఫోర్స్‌డ్ రీజెన్ అంటారు, అది కూడా అప్‌డేట్ కాదని గుర్తుపెట్టుకో, బిల్లులో వేరే లైన్‌లో రావాలి.

ఇవన్నీ చేశాక కూడా మళ్లీ మళ్లీ లైట్ వస్తుంటే అప్పుడు అప్‌డేట్ ముచ్చట. మసి ఎప్పుడు కాల్చాలి, ఎంత నిండాక కాల్చాలి అన్న లెక్క ఈసీయూలోనే ఉంటుంది, సిటీ ట్రాఫిక్‌లో ఇబ్బంది వస్తోందని కంపెనీలు ఆ లెక్క మార్చి కొత్త ఫైల్ ఇవ్వడం మామూలే. అలా ఇచ్చినప్పుడు డీలర్లకు టెక్నికల్ బులెటిన్ పంపిస్తారు, ఫలానా ఇంజిన్, ఫలానా తేదీల మధ్య తయారైన బండ్లు, ఫలానా లక్షణం, ఫలానా ఫైల్ అని. నీ బండికి అలాంటి బులెటిన్ ఉంది, ఆ ఫైల్ ఇంకా ఎక్కలేదు అని చూపిస్తే, నా మాట విని ఆ 4,500 కట్టెయ్, ఫిల్టరే మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చుతో చూస్తే అది లెక్కలోది కాదు. బులెటిన్ లేదు, "జనరల్‌గా అందరికీ చేస్తున్నాం మేడం" అంటే నమస్కారం పెట్టి వచ్చెయ్. ఇబ్బంది ఏమీ లేని బండికి, వెర్షన్ పాతదైందన్న ఒక్క కారణంతో డబ్బిచ్చి ఈసీయూ ఫ్లాష్ చేయించడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఫోన్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదలెట్టొచ్చు, ఫ్లాషింగ్ మధ్యలో బ్యాటరీ పడిపోతే ఒక్కోసారి ఈసీయూ ఇక లేవదు. అందుకే పద్ధతి తెలిసినవాడు ముందు బ్యాటరీకి సపోర్ట్ ఛార్జర్ తగిలించి వోల్టేజ్ నిలకడగా ఉంచుతాడు, ఆ తర్వాతే ల్యాప్‌టాప్ తెరుస్తాడు. నువ్వు అక్కడే నిలబడి అది తగిలించారా లేదా చూడు. నీ బ్యాటరీ పొద్దున్నే సెల్ఫ్ కొట్టడానికి ఇబ్బంది పెడుతోందన్నావు కదా, అలాంటప్పుడు ముందు బ్యాటరీ సంగతి తేల్చు.

నిజంగా ఫైల్ మారిందో లేదో తెలుసుకోవడం కూడా కష్టమేం కాదు. ఈసీయూలో ఉన్న సాఫ్ట్‌వేర్‌కి క్యాలిబ్రేషన్ ఐడీ అని నంబర్ ఉంటుంది, స్కానర్‌లో వాహన వివరాలు అన్న చోట కనిపిస్తుంది. పని మొదలవక ముందు స్క్రీన్ ఫోటో ఒకటి తియ్యి, అయ్యాక ఇంకోటి. నంబర్ మారకపోతే వాడు అప్‌డేట్ పేరుతో కోడ్లు చెరిపాడేమో అని గట్టిగా అడగొచ్చు. ఫోటో తీయనివ్వం అంటే ఎందుకో అడుగు, అందులో దాచాల్సింది ఏముంది?

బేరం కూడా ఆడొచ్చు, షోరూంలో బేరమేంటి అని మొహమాటపడకు. అప్‌డేట్ చేయాలంటే ఎలాగూ స్కానర్ పెట్టాల్సిందే, అందుకని 1,200 స్కానింగ్ ఛార్జీ విడిగా ఎందుకు అని అడిగితే చాలా చోట్ల తీసేస్తారు. వారంటీ ఈ మధ్యే అయిపోయి, సర్వీసులన్నీ అక్కడే చేయించి ఉంటే, కంపెనీకి గుడ్‌విల్ కింద, అంటే వారంటీ లేకపోయినా పాత కస్టమర్ అని సాయం చేయమని, రాయమని అడుగు, ఒక్కోసారి సగం వాళ్లు పెట్టుకుంటారు. అడగనివాళ్లకు ఎవరూ ఇవ్వరు.

మ్యాప్‌లు, టచ్ స్క్రీన్ అప్‌డేట్లకైతే గ్యారేజీకి పోనే వద్దు. కొత్త బండ్లలో సిమ్ ఉంటే వాటంతట అవే దిగుతాయి, లేకపోతే చాలా కంపెనీలు వెబ్‌సైట్‌లో ఫైల్ పెడతాయి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంజిన్ ఆన్‌లో ఉంచి నువ్వే ఎక్కించుకోవచ్చు.

ఇంకొకటి, మీ ఆఫీసు కుర్రాళ్లెవరో రీమ్యాపింగ్, అంటే ఈసీయూలో కంపెనీ ఫైల్ తీసి బయటివాళ్లు మార్చిన ఫైల్ వేయడం, చేయించుకో, పికప్ పెరుగుతుంది, డీపీఎఫ్ గొడవే ఉండదు, ఫిల్టర్ కూడా తీసేస్తారు అన్నారట. ఆ మాట వినకు. కంపెనీ ఇచ్చిన దానికి విరుద్ధంగా బండి మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తప్పు, మిగిలిన వారంటీ ఏదైనా ఉంటే అదీ పోతుంది, పైగా ఆ మసంతా వెనక బైక్ మీద వచ్చేవాడి ముక్కులోకి. బయట మల్టీ బ్రాండ్ గ్యారేజీలన్నీ అలాంటివని కాదు, బాలానగర్ వైపు, నాచారం వైపు కంపెనీ లైసెన్స్ టూల్ కొనుక్కుని పద్ధతిగా చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లనీ ఇవే ప్రశ్నలు అడుగు.

బిల్లు మాత్రం కచ్చితంగా తీసుకో, "జీఎస్టీ లేకుండా చేసేస్తా" అన్నాడని ఆశపడకు, రేపు తేడా వస్తే నీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి. జాబ్ కార్డ్‌లో పని పేరు రాయించు. మాట తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

రేపు పొద్దున సర్వీస్ అడ్వైజర్‌కి వాట్సాప్‌లో ఇది పెట్టు, ఫోన్‌లో వద్దు, రాతలో ఉండాలి: "నా బండికి ఏ మాడ్యూల్ అప్‌డేట్ చేస్తున్నారు, ఏ లోపానికి, బులెటిన్ నంబర్ ఎంత, ఇప్పుడున్న వెర్షన్ ఏది, చేశాక ఏది వస్తుంది, ఇది రీకాల్ కిందకు వస్తుందా, మధ్యలో ఈసీయూ పోతే బాధ్యత ఎవరిది? ఇవి చెప్పాక ఎస్టిమేట్ ఓకే చేస్తాను." సమాధానం వచ్చేదాకా బండి అక్కడ వదిలిపెట్టకు, లోపల పెట్టాక పార్కింగ్ ఛార్జీ అని ఇంకో లైన్ రాస్తారు.

మీ పెదనాన్న